వెలుగునీడల శిల్పము



నా ప్రసంగ విషయమును విని పెద్దలు కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. కంప్యూటర్ ఆటలలో మన యువకులు స్వయముగా గదులు, వీధులు, వంతెనలు కట్టుకొనుచున్నారు. దానిని వారు ‘మ్యాపు’ అందురు. అందులో దీపములను అమర్చు విద్యను గురించి నాలుగు మాటలు మనవి చేయుదును. చదువు మాని చేయు పనియని మనము కసరుకొందుము. అది తగునా యని విచారింతము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటలో తెల్లని తెర, దాని వెనుక ఆముదపు దీపము ఉండెడివి. బొమ్మను తెరకు ఆనించిన రూపము స్ఫుటమగును. దీపమువైపు జరిపిన పెరిగి మసకబారును. మనమున్న వంగదేశమున 1959లో, కలకత్తా విశ్వరూపా రంగస్థలముపై, ‘సేతు’ నాటకమునందు తాపస్ సేన్ దీపములతోనే రైలును పరుగెత్తించెను. ఆ యేటనే ‘అంగార్’ నాటకమునందు బొగ్గుగని నీట మునుగుటను కాంతితోనే చూపెను. రైలు లేదు, నీరు లేదు. ప్రేక్షకుని కన్నులలో మాత్రము రెండును ఉండెను.

కంప్యూటర్ ఆటలోనూ జరుగునది ఇదియే. 1996లో వెలువడిన ‘క్వేక్’ ఆటలో గోడలపై పడు వెలుగునీడలను ముందుగానే లెక్కించి, ఆ ఛాయను గోడకు పూతవలె అంటించిరి. 1997 నాటి రెండవ ‘క్వేక్’లో గోడనుండి గోడకు ప్రతిఫలించు కాంతిని సైతము లెక్కకు తెచ్చిరి. ఇందువలన ఆడునప్పుడు యంత్రమునకు భారము తగ్గును. కాని దీపము కదలినను పూత కదలదు. కదలు దీపమునకు క్షణక్షణము లెక్క వేయవలయును; దానికి బలమైన యంత్రము కావలయును. కనుక ఏ దీపము నిలుకడగా నుండవలెనో, ఏది కదలవలెనో నిర్ణయించుటయే శిల్పి వివేకము.

మన స్టేషనునే తీసికొనుడు. 1072.5 మీటర్ల మన ప్లాట్‌ఫారము, 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారము నిర్మాణమగువరకు, ప్రపంచమున మిక్కిలి పొడవైనదిగా ప్రసిద్ధి గాంచెను. దానిని ఒక బాలుడు మ్యాపుగా కట్టెననుకొనుడు. అంతటను సమానముగా వెలిగించిన అది వట్టి గచ్చు. ఒక తేనీటి అంగడివద్ద పసుపు వెలుగును, దూరమున ఎర్రని సిగ్నలును, నడుమ చీకటిని ఉంచిన ఆడువాని పాదములు తమంతట తామే అంగడివైపు సాగును. పొగమంచు కొంచెము కమ్మినచో దూరము పెరిగినట్లు తోచును. పొగ, మెరుపు, తళుకు మితిమీరినచో యంత్రము నత్తనడక నడచును. చూచువానికి త్రోవ తెలియదు. వెలుగు మొదట దారి చూపవలయును. అలంకారము తరువాతి మాట.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి మనవారు ఈ యూర కాపురముండిరి. పాత రైల్వే క్వార్టర్లు, అరుగులపై సాయంకాలపు వెలుగు ఎంతకాలము నిలుచునో ఎవరెరుగుదురు? మన పిల్లలు కట్టు మ్యాపులలో పరదేశపు వీధులేగాక ఈ వీధియు నుండిన, అది ఒక తరమును పదిలపరచినట్లగును. అందులకు వారికి మన జ్ఞాపకములు కావలయును.

కావున నేటి రాత్రి ఇంటికి పోయి బిడ్డను కసరక, ప్రక్కన కూర్చుండి, ‘నాయనా, ఈ వెలుగు ఎక్కడనుండి వచ్చుచున్నది?’ అని యడుగుడు. అతడు సమాధానము చెప్పగలిగిన, ఆ సమయము వ్యర్థము కాలేదని గ్రహింపుడు.