నస్యపు భరిణె
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



నేటి నా ప్రసంగవిషయము నస్యపు భరిణె. విద్యాలయ వేదికపై పొడుము ప్రస్తావన యేమని కొందరు నవ్వుకొనవచ్చును. మన తాతలలో పొడుముకాయను రొంటిని దోపుకొని తిరిగినవారు పెక్కురు. ఆ యలవాటు ఆరోగ్యమునకు చెరుపని నేడు అందరును ఎరుగుదురు. దానిని మెచ్చుకొనుట నా యుద్దేశము కాదు. కాని ఆ చిటికెడు పొడి కొరకు రాజులు చేయించిన బంగారు భరిణెలలో మన పిల్లలు తెలిసికొనదగిన చరిత్ర యిమిడియున్నది. దానిని మనవి చేసెదను.

పొగాకు అమెరికా ఖండమునుండి వచ్చినది. 1604-05 ప్రాంతమున అసద్ బేగు అను ఉద్యోగి బిజాపురమునుండి దానిని తెచ్చి అక్బరు పాదుషాకు సమర్పించెను. వట్టి ఆకును రాజునకు ఇచ్చుట యెట్లు? అందుచే రత్నములు చెక్కిన గొట్టముతో సహా సమర్పించెను. వైద్యులు వారించుచున్నను పాదుషా దాని రుచి చూచెనట. రాజులకు ఇచ్చునప్పుడు వస్తువుకంటె దాని తొడుగే ఘనముగా నుండవలెను గదా!

రాజులు ఇచ్చునప్పుడును ఇదే న్యాయము. ఫ్రాన్సు ప్రభువైన 14వ లూయీ తన చిన్న చిత్తరువు చుట్టును వజ్రములు పొదిగించి విదేశీయులకు బహూకరించెడివాడు. 18వ శతాబ్దమున నస్యము పీల్చుట ఐరోపా సభలలో మర్యాదగా పరిణమించెను. అంతట బంగారు భరిణె రాజబహుమానములలో మొదటి స్థానమును పొందెను. సంధి కుదిర్చిన రాయబారికి భరిణె. రాజును మెప్పించిన అతిథికి భరిణె. 1821లో ఇంగ్లండు రాజు నాలుగవ జార్జి పట్టాభిషేకమున విదేశ మంత్రుల కిచ్చిన భరిణెలకై రండెల్ బ్రిడ్జి అను నగల వర్తకులకు 8,205 పౌనులు చెల్లించిరి. పుచ్చుకొన్నవారిలో పలువురు వానిని ఆ వర్తకులకే తిరిగి అమ్మి సొమ్ము చేసికొనెడివారు. అదే భరిణె మరల మరియొకరికి బహుమానముగా వెళ్లెడిది. ఒక పెండ్లిలో పెట్టిన చీర మరియొక పెండ్లికి పెట్టుబడిగా వెళ్లుట మనము ఎరుగనిది కాదు. కనుక వారిని చూచి మనము నవ్వ బనిలేదు.

భరిణెల ప్రభువులలో అగ్రగణ్యుడు ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరికు (1712-1786). ఆయన పరదేశపు భరిణెల దిగుమతిని నిషేధించి, బెర్లిను పనివారిచేతనే చేయించెను. క్రిసోప్రేజు అను లేతపచ్చని రాయి ఆయనకు మిక్కిలి ప్రీతి. దానిని పలుచగా కోసి, బంగారముతో కూర్చి, పైని పూలతీగలవలె వజ్రములు పొదుగుదురు. వజ్రముల క్రింద వన్నె రేకులు వేయుటచే అవి గులాబి రంగునను పసుపు రంగునను మెరయును. మన కంసాలులు కుందనపు పనిలో రాతి క్రింద రేకు వేయుట యిట్టిదే. ఆ పచ్చరాయి సైలీషియా సీమది. ఆ సీమను ఫ్రెడరికు ఆస్ట్రియాతో పోరాడి గైకొనెను. అట్టి భరిణెను చేత బట్టినవానికి "ఈ సీమ నాది" యని రాజు మాటాడకయే చెప్పినట్లు. 1759 ఆగస్టు 12న కూనర్స్‌డార్ఫు యుద్ధమున ఒక తుపాకిగుండు ఆయన జేబులోని భరిణెకు తగిలి ఆగినదని ప్రసిద్ధి. సొట్టపడిన యా భరిణె నేటికిని భద్రముగ నున్నది.

ఇది యంతయు పరదేశపు కథ, మనకేమని యడుగవచ్చును. 18వ శతాబ్దమున బ్రెజిలులో వజ్రములు బయల్పడువరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే పోయెడివి. అందును కృష్ణాతీరపు గనులు సుప్రసిద్ధములు. 14వ లూయీకి 1668లో గొప్ప నీలి వజ్రమును అమ్మిన టావెర్నియే అను వర్తకుడు కొల్లూరు గనిని కన్నులార చూచి వ్రాసెను. అందు ఇంచుమించు 60,000 మంది పనిచేయుచుండిరట. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మట్టి మోయుదురు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది. ఇక భరిణెలోని పొడి సంగతి. లండను దుకాణములలో "మసులీపటం" అను పేర ఒక నస్యము అమ్మబడెడిది. అది మన మచిలీబందరు పేరే. ఈ విధముగ మూత మీది మెరుపులోను, లోపలి ఘాటులోను తెలుగు నేలకు పాలున్నది.

అయినను, ఇచ్చిన రాజు పేరు నిలిచినది. పుచ్చుకొన్నవాని పేరు తరచుగా నిలిచినది. బోదెసన్, క్రూగర్ వంటి కొందరు శిల్పుల పేర్లు నిలిచినవి. మట్టి మోసిన తల్లి పేరు, ఆమె వెంట తట్ట నెత్తిన బెట్టుకొన్న బిడ్డ పేరు ఏ మూతపైనను లేవు. మన బరంపురపు పట్టుజోడు సంగతియు అంతియే కదా! దానిని కట్టిన పెండ్లికొడుకును ఊరంతయు చూచును. మగ్గపు గుంటలో కూర్చున్నవానిని చూచువారెందరు?

తలిదండ్రులారా! సెలవు దినములలో మీరు పిల్లలను భువనేశ్వరపు ప్రదర్శనశాలకో, 1951లో హైదరాబాదున తెరచిన సాలార్‌జంగు ప్రదర్శనశాలకో కొనిపోవుదురు గాక. అద్దము వెనుక ఒక బంగారు వస్తువు కనబడినప్పుడు బిడ్డ "దీని ఖరీదెంత?" అని యడుగును. అది సహజము. దానికి బదులు చెప్పి, మరి మూడు ప్రశ్నలు మీరు నేర్పుడు. దీనిని ఎవరు ఎవరికి, ఏమి కోరి యిచ్చిరి? ఎవరి చేతులు దీనిని చేసినవి? దీని రాయి, దీని లోహము ఏ నేలలోనివి, ఎవరు మోసి తెచ్చిరి? ఈ మూడింటిని అడుగ నేర్చిన బిడ్డకు బంగారము చూచి కన్ను చెదరదు. పనిచేయువాని యెడ చులకన భావము కలుగదు. ఇంటికి వచ్చిన కంసాలిని, నేతగానిని కూర్చుండబెట్టి మాటాడించును. పాఠశాల యీయగల బహుమానములలో అంతకంటె విలువైనది మరియొకటి లేదు.