ఆలస్యమైనా ఎండుమేత వేసుకుందాం



వరి కోతలు ఆలస్యమైన ఊళ్లలో డిసెంబరు సగం దాటాక గానీ మడులు ఖాళీ కావు. హార్వెస్టర్ వచ్చాక గడ్డి ముక్కలై చేలోనే పోతోంది. ఇంటి ముందు గడ్డివామి లేదు. వేసవిలో మేత కొనలేక పాడి గేదెను సంతకు తోలుతున్నాం. పాల ధర కోసం మనం కొట్లాడాల్సిందే. కానీ మేత మన చేతిలో లేకపోతే గేదె మిగలదు, బేరమూ మిగలదు.

ఓట్స్ వేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అది చలికాలపు పైరు. అక్టోబరు, నవంబరుల్లో వేస్తే రెండు కోతలు వస్తాయి. ఆలస్యమైతే ఎండలు తగిలి సరిగా దుబ్బు కట్టకుండానే కంకి వేస్తుంది. కాబట్టి ఎకరాకు 40 కిలోల విత్తనం వేసి ఒక్క కోతకే సిద్ధపడదాం. సగం పూతకు రాగానే కోయాలి. గింజ గట్టిపడేదాకా ఆగితే కాడ ముదిరి పశువు వదిలేస్తుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. అదునులో కోసిన ఓట్స్‌లో అంతకు రెట్టింపు ఉంటాయి.

జనవరి దాటితే ఓట్స్ మాట మాని పశుగ్రాస జొన్న వేద్దాం. ఒక్క హెచ్చరిక. మోకాలెత్తు లేత జొన్న, బెట్టకొచ్చిన జొన్న పశువు ప్రాణం తీస్తాయి. పూతకొచ్చాకే కోయాలి. దేనికైనా తడులు తప్పవు. బోరు ఎంత పారుతుందో చూసుకునే విత్తుదాం.

మంచు ఆరాక కోసి, పలచగా పరిచి, తిరగేస్తూ ఎండబెట్టాలి. మెలితిప్పితే కాడ విరగాలి, చేతికి తడి అంటకూడదు. పచ్చి ఉండగా వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పే పుడుతుంది.

ఈ కష్టం మనం పడతాం. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. రాయితీ మేత విత్తనం అదునుకు ముందే ఊరికి రావాలి. గడ్డి కట్టలు కట్టే యంత్రాలు చిన్న రైతుకు అందే అద్దెకు దొరకాలి. పాసుపుస్తకం లేదని కౌలు రైతును వెనక్కి పంపకూడదు. మేత వేసేటప్పుడు గేదె పాసుపుస్తకం అడగదు!

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి కమిటీ ఒక జాబితా తేవాలి. ఎవరికి ఎన్ని పశువులు, ఎంత విత్తనం కావాలి, ఎవరు కౌలుకు చేస్తున్నారు, అన్నీ రాయండి. ఒక్కొక్కరం అడిగితే రేపు రమ్మంటారు. అందరం కలిసి మండల కార్యాలయానికి వెళ్దాం.