పెంకుల తల్లి చెప్పిన వంశక్రమం

ఈజిప్టు రాజుల సమాధులనగానే మనకు బంగారు ముసుగు గుర్తుకొస్తుంది. కానీ ఆ రాజ్యపు తొలి అధ్యాయాన్ని చెప్పింది బంగారం కాదు, విరిగిన మట్టిముద్దలు. ఏమి దొరికిందన్నదాని కన్నా దేన్ని పారేయకుండా ఉంచామన్నదే చరిత్రను నిర్ణయిస్తుందని ఈ రోజు మనవి చేస్తాను. అందుకు సాక్ష్యం అబైడోస్ దగ్గరి ఉమ్ అల్ కాబ్. అరబ్బీలో ఆ పేరుకు కుండల తల్లి అని అర్థం. భక్తులు శతాబ్దాల పాటు వదిలిన మొక్కుబడి పాత్రల పెంకులు అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ గుట్టల కింద మొదటి వంశపు రాజుల సమాధులున్నాయి.

వాటిలో జేర్ రాజు సమాధిని ప్రాచీన ఈజిప్షియన్లే తమ కాలంలో తవ్వి, ఒసైరిస్ దేవుడి సమాధిగా కొలిచారు. 1890లలో అక్కడ తవ్విన ఫ్రెంచి పండితుడు అమెలినో కూడా ఒసైరిస్ సమాధే దొరికిందని ప్రకటించాడు. ఆయన వెనకే 1899లో వచ్చిన ఫ్లిండర్స్ పీట్రీ, పనికిరానివని అమెలినో వదిలేసిన ముక్కలను ఏరి, కొలిచి, గీయించి, రాజుల వరుసను కూర్చాడు. అమెలినోను నేటి కొలతలతో తూచడం అన్యాయమని కొందరంటారు. కానీ పీట్రీ ఆయన సమకాలికుడే. తేడా కాలానిది కాదు, పద్ధతిది. అలాగని పీట్రీది చివరి మాటా కాదు. ఆ ఇద్దరూ తవ్వి వదిలిన డెన్ రాజు సమాధిని జర్మన్ బృందం మళ్లీ తవ్వినప్పుడు, 1985లో, ఒక ముద్ర అచ్చులు దొరికాయి. జాడీ మూతి మీది తడిమట్టిపై స్తూపాకారపు ముద్రను దొర్లించేవారు. ఒకే ముద్ర ఎన్నో మూతుల మీద పడుతుంది కనుక, ఒక ముక్కలో చెరిగిన పేరు మరో ముక్కలో నిలిచి ఉంటుంది. చిల్లర ముక్కను కూడా పారేయకూడదనడం అందుకే. ఆ అచ్చుల్లో నార్మెర్, అహా, జేర్, జెత్, డెన్, రాజమాత మెర్నీత్ పేర్లున్నాయి. అబైడోస్ ఆలయంలో మొదటి సేతి రాజు చెక్కించిన రాజుల పట్టిక మెనీతో మొదలవుతుంది; ఆ మెనీ నార్మెరా, అహానా అన్న వాదం చాలాకాలం సాగింది. ముద్ర మాత్రం వంశాన్ని నార్మెర్‌తో మొదలుపెట్టింది.

ముద్ర కూడా రాజాస్థానం చెప్పుకున్న మాటే కదా అన్న ఆక్షేపణ సబబైనదే. అందుకే దాన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా తీసుకోవాలి. అయినా పదహారు శతాబ్దాల తరవాత చెక్కిన పట్టిక కన్నా, ఆ రాజులకు దగ్గరి కాలపు ముద్రకు విలువెక్కువ. బంగారమే లేకపోతే తవ్వకాలకు డబ్బెవరిస్తారన్నది ఇంకో ప్రశ్న. నిజమే, 1922లో టూటన్‌ఖామున్ సమాధి లోకాన్ని కదిలించింది. కానీ దాన్ని కనుగొన్న హోవర్డ్ కార్టర్ ఆ సమాధిలోని అయిదువేలకు పైబడిన వస్తువుల పని ముగించడానికి దాదాపు పదేళ్లు తీసుకున్నాడు. ఏ వస్తువు ఎక్కడ, దేని పక్కన ఉందో చెప్పే ఆయన కార్డులు, హ్యారీ బర్టన్ ఫొటోలు లేకుంటే అది నగల కొట్టుగా మిగిలేది. అలాంటి జాగ్రత్త లేకపోతే ఏం పోతుందో చూడండి: జేర్ సమాధిలో పీట్రీ బృందానికి కడియాలతో ఒక చేయి దొరికింది. కైరో మ్యూజియంలో కడియాలను ఉంచి, చేతిని పారేశారని పీట్రీ రాశాడు. ఆ కడియాలు నేటికీ మెరుస్తున్నాయి. అవి ఎవరి చేతివో చెప్పగలిగిన ఎముక మాత్రం లేదు.