బరువు తగ్గించడం ఒక్కరి పని కాదు
(సంఘం వార్షిక సమావేశంలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మసీదులో వెనక వరసన కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. మోకాళ్ళ నొప్పులతో కుర్చీ మీద నమాజు చేసేవారిలో నలభై ఏళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంగతీ ఇంతే. అందుకే ఈ ఏడు అధిక బరువు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

ముందుగా మనలో జరిగిన సంగతి ఒకటి. పేరు అడగకండి. మనందరికీ కావలసిన ఒక ఖాలా. చాలాకాలంగా షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఎవరో అమ్మిన పొడి డబ్బా తెచ్చుకొని, అన్నం, రొట్టె మానేసి, రెండు పూటలా ఆ పొడే కలుపుకొని తాగారు. నెలన్నరలో ఆరు కిలోలు తగ్గారు. "మాషా అల్లాహ్, ఎంత తగ్గారు ఖాలా!" అని మేమూ మెచ్చుకొన్నవాళ్ళమే. తిండి తగ్గింది గానీ మాత్ర పాత మోతాదులోనే ఉంది. ఆ సంగతి పొడి అమ్మినవాడు అడగలేదు, మేమూ అడగలేదు. ఒకనాడు ఫజర్ వేళ చెమటలు పట్టి, కాళ్ళు వణికి, వుజూ చేసేచోటే కూలబడ్డారు. ఇంకా తెలివిలోనే ఉండడంతో కోడలు చక్కెర నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయింది. అల్లాహ్ దయవల్ల గండం గడిచింది.

దరిమిలా ఆమె వెంట మేము డాక్టర్ల పర్యవేక్షణలో బరువు తగ్గించే విభాగానికి వెళ్ళాము. ఒక్క డాక్టరే ఉంటారనుకొన్నాం. ఐదుగురున్నారు, ఐదుగురికీ ఒకటే ఫైలు.

డాక్టరుగారు మొదట వాడే మందులన్నీ బల్ల మీద పెట్టమన్నారు. థైరాయిడ్, షుగరు, కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించారు. స్టెరాయిడ్ల వంటి కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుందట. తిండి తగ్గేకొద్దీ షుగరు, బి.పి. మందుల మోతాదు ఎంత ఉండాలో చూసి మార్చేది ఆయనే. ఈమధ్య వచ్చిన ఇంజెక్షన్లు ఎవరికి పనికొస్తాయో, ఎవరికి కూడదో తేల్చవలసిందీ డాక్టరే, మందుల షాపు కాదు.

నర్సమ్మ ప్రతిసారీ ఒకే తూకం మీద బరువు చూసి, నడుము కొలిచి రాస్తారు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. రాకపోతే ఫోను చేసి కనుక్కొనేదీ ఆమే.

ఆహార నిపుణురాలు ఖాలాను కాదు, కోడలిని అడిగారు: "నెలకు నూనె ఎంత? తినేవాళ్ళెందరు?" బిర్యానీ మానమనలేదు. పళ్ళెంలో సగం కూరగాయలకు వదలమన్నారు. పప్పు, గుడ్డు, చేప ఎంతెంతో చెప్పారు. మితంగా తినమన్న బోధ మనకు కొత్తదా?

ఫిజియోథెరపిస్టు కుర్చీలో కూర్చొని చేసే కసరత్తుతో మొదలుపెట్టారు. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అమెరికన్ పరిశోధన తేల్చింది.

ఐదోవారు మనస్తత్వ నిపుణురాలు. ఖాలా భర్త పోయినప్పటినుంచి రాత్రిళ్ళు నిద్రపట్టక ఏదో ఒకటి తింటున్నారని ఆమె అడిగాకే మాకు తెలిసింది. ఇన్నేళ్ళు పక్కనే ఉండి మేము అడగలేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట అనకండి. అమెరికాలో షుగరు వచ్చే సూచనలున్నవారికి శిక్షణ పొందినవారు తోడుండి, బరువులో నూటికి ఏడు పాళ్ళు తగ్గేలా, వారానికి 150 నిమిషాలు నడిచేలా చూశారు. మామూలు సలహాలు విన్నవారికన్నా వీరిలో షుగరు వ్యాధి 58 శాతం తక్కువగా వచ్చిందని 2002లో ప్రకటించారు. మందు కన్నా తోడు ముఖ్యమని దీని సారం.

కనుక మా విజ్ఞప్తి మూడు మాటలు. ఒకటి, మందులు వాడేవారు డాక్టరుతో చెప్పకుండా తిండి తగ్గించకండి. షుగరున్నవారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వెళ్ళి, ఉపవాసం ఉండవచ్చునా, మాత్రలు ఎప్పుడెంత వేసుకోవాలి అని అడగండి. రెండు, ఇంట్లో గరిటె పట్టేవారిని వెంట తీసుకువెళ్ళండి. మూడు, లావుగా ఉన్నవారిని ఎగతాళి చేయకండి. ఆ ఐదుగురి పక్కన ఆరోవారు ఇంటివాళ్ళే.

ఖాలా ఇప్పుడు మెల్లగా తగ్గుతున్నారు. పొడి డబ్బాలో ఉప్పు పోసుకొన్నారు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.