రెసిడెన్సీ గోడ పక్కన 1857

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే, రైలు మారే పని లేకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు. కోఠిలోని ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అక్కడికి దగ్గరే. 1857 పోరు జరిగింది దాని గోడ పక్కనే. పాశ్చాత్య దేశాల్లో అయితే ఔత్సాహికులు పాతకాలపు సైనిక దుస్తులు తొడిగి, ఇలాంటి యుద్ధాలను మైదానాల్లో మళ్లీ నడిపిస్తారు. మన నగరంలో గతాన్ని కళ్లకు కట్టే ఆ పని ఎక్కువగా చారిత్రక నడకలు నడిపే వాలంటీర్ల గొంతు మీదే సాగుతుంది. జీతం లేదు, భత్యం లేదు. బస్సుల హారన్ల మధ్య చెప్పాలి.

చెప్పాల్సిన కథ మాత్రం గొప్పది. 1857 జులై 17, శుక్రవారం. బ్రిటిష్ వారి నిర్బంధంలో ఉన్న జమేదారు చీదాఖాన్‌ను విడిపించాలంటూ తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కలిసి రొహిల్లా యోధులతో కదిలారు. పుత్లీబౌలి వైపున్న రెండు ఇళ్లు ఆక్రమించి రెసిడెన్సీ మీద కాల్పులు జరిపారు. లోపలి నుంచి ఫిరంగులు బదులిచ్చాయి. పోరు రాత్రంతా సాగింది. తారీఖులు అప్పజెబితే ఇది కళ్లకు కట్టదు. గోడ ఎటుంది, గుండు ఎటునుంచి వచ్చింది అన్నది అక్కడే నిలబెట్టి చూపాలి. అందుకు వాలంటీరు ఎంతో చదవాలి. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. ఆయన స్మారక స్తూపం కోఠిలోనే ఉంది.