రెపో రేటు, నూటికి రెండు

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు బ్యాంకు కొలువుల్లో చేరతారు. అందుకే మన మిరప, పత్తి నేలల్లో డబ్బు ఎలా నడుస్తుందో మీతో మాట్లాడాలనుకున్నాను.

డబ్బంతా నోట్ల ముద్రణాలయంలో పుడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ డబ్బు పుట్టేది బ్యాంకు శాఖల్లో. నరసరావుపేటలో ఒక మేనేజరు రెండు లక్షల పంట రుణం మంజూరు చేసి రైతు ఖాతాలో జమ వేసినప్పుడు, అంతకుముందు లేని రెండు లక్షలు దేశంలో పుడతాయి. అప్పు తీరిన రోజున అవి మాయమవుతాయి. రిజర్వు బ్యాంకు ఈ పుట్టుకను నేరుగా శాసించదు. డబ్బు ఖరీదునూ, బ్యాంకుల చేతిలోని వెసులుబాటునూ మారుస్తుంది. 2025లో తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, అంటే రెపో రేటును, నాలుగు విడతల్లో 6.50 నుంచి 5.25 శాతానికి దించింది. బ్యాంకులు తన దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వల నిష్పత్తిని 4 నుంచి 3 శాతానికి తగ్గించి, సుమారు 2.5 లక్షల కోట్ల రూపాయలు బ్యాంకులకు వదిలింది.

ఈ పగ్గాలు పట్టినవారిలో మనవాళ్లూ ఉన్నారు. కడప జిల్లా పాటూరులో పుట్టిన వై.వి. రెడ్డి గారు గవర్నరుగా ఉండగా ఆ నిష్పత్తి 9 శాతానికి చేరింది. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు 2008 సెప్టెంబరులో ఆ కుర్చీలోకి వచ్చారు. పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరికల్లా సుబ్బారావు గారు ఆ నిష్పత్తిని 5 శాతానికి దించారు. మంచి రోజుల్లో రెడ్డి గారు బిగించి ఉంచారు కనుకనే, కష్టకాలంలో వదలడానికి సుబ్బారావు గారికి చోటు మిగిలిందని నా నమ్మకం.

2016 నవంబరు 8 రాత్రి ప్రకటించిన నోట్ల రద్దు మరో పాఠం నేర్పింది. చలామణిలోని నగదు విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. మన దగ్గర అది పత్తితీతల కాలం. కూలి ఇవ్వాల్సింది నోట్లలో. ఆ పైన వారం తిరగకుండానే జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాత నోట్లు తీసుకోకూడదన్నారు. సహకార సంఘంలో తప్ప మరెక్కడా ఖాతా లేని రైతు ఎటు పోవాలి? డబ్బు ఎంత ఉందన్నదే కాదు, ఎవరి దారి మూసుకుందన్నదీ ముఖ్యమేనని ఆ చలికాలం చూపించింది.

ఆ దారి గురించే నా బాధంతా. నాగార్జునసాగర్ కుడి కాలువకు గేట్లెత్తినా, ప్రకాశం జిల్లాలోని చివరి భూములకు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ముంబయిలో తగ్గిన వడ్డీ కూడా అంతే. కౌలు రైతు పురుగుమందుల కొట్టులో అరువు పెడతాడు, మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, ఊళ్లో నూటికి రెండు చొప్పున అప్పు తెస్తాడు. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. రెపో 6.50 ఉన్నా నూటికి రెండే, 5.25 అయినా నూటికి రెండే. అడ్వాన్సు ఇచ్చిన ఏజెంటు కొట్టుకే మిర్చి టిక్కీలు తోలాలి కనుక, ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో ఆగే స్వేచ్ఛా అతనికి ఉండదు.

చట్టాలు లేక కాదు. 2011లో సాగుదారుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కానీ కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టినా, అదే భూమి మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, రెండోసారి ఇవ్వడానికి బ్యాంకు జంకుతుంది. బ్యాంకు భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే అప్పు ఒకరికీ సాగు మరొకరికీ అయినప్పుడు దాన్ని పంట రుణమని లెక్క రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

2025 జనవరి 1 నుంచి తాకట్టు లేకుండా ఇవ్వదగిన వ్యవసాయ రుణం పరిమితి 2 లక్షల రూపాయలు. సాగుదారు కార్డు పట్టుకుని కౌలు రైతు మీ బల్ల ముందుకొస్తే, పట్టాదారు పాస్‌బుక్ అడిగే ముందు ఆ కార్డు చదవండి. కౌలు రైతుల ఉమ్మడి బాధ్యతా బృందాలకు అప్పిచ్చే వీలుంది, వాటిని కూర్చండి. ఈ పనంతా నారుమళ్లు పోసేలోపే కావాలి. కొట్టులో విత్తనాల అరువు రాసుకున్నాక మంజూరయ్యే రుణం, ఆ అరువు తీర్చడానికే పోతుంది.