ఎగువన ఉన్నవారి బాధ్యత

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. ఆయన ప్రసాదించిన నీరు మన చేతుల్లో ఒక అమానత్ అన్న సంగతి మరువకండి.

మదీనాలో హర్రా కాలువ నీటి విషయమై హజ్రత్ జుబైర్ (ర)కు, ఒక అన్సారీకి వివాదం తలెత్తింది. జుబైర్ గారి తోట ఎగువన ఉంది. ముందు తోట తడుపుకుని, పిమ్మట నీటిని పొరుగువానికి వదలమని దైవప్రవక్త (స) ఆదేశించారు. బుఖారీ గ్రంథంలో నమోదైన ఈ ఉదంతం గోదావరి ఒడ్డున నివసించే మనకు గొప్ప పాఠం. ఎగువనున్నవానికి ముందుగా వాడుకునే హక్కు ఉంది. దిగువవానిని విస్మరించే హక్కు మాత్రం లేదు.

1833 కరువుతోను, 1839 ఉప్పెనతోను కుదేలైన ఈ సీమకు 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అన్నం పెట్టింది. ఆర్థర్ కాటన్ దొర చేసిన ఆ మేలును కాదనడం కృతఘ్నత. ఏటిగట్లు పట్టణాలను, పొలాలను కాపాడుతున్న మాటా నిజమే. అయితే గట్టు వరదను మాయం చేయదు. రెండు గట్ల నడుమకు దానిని బిగించి పంపుతుంది. ఆ నడుమనే లంక గ్రామాలున్నాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చి గట్లు తెగాయి. 2022 జూలైలో నీటిమట్టం మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి అయిన 17.75 అడుగులను దాటినప్పుడు కోనసీమ లంకవాసులకు పడవలే దిక్కయ్యాయి. గట్టు లోపల మనం నిశ్చింతగా నిద్రించిన రాత్రి, గట్టు ఆవల తల్లులు బిడ్డలను ఎత్తుకుని మెరక కోసం వెతుక్కున్నారు.

ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతే డెల్టా అంచుకు కొత్త మట్టి చేరదు. సముద్రం తీరాన్ని కోస్తుంది. పట్టణాల మురుగు నదిలోను, కాలువల్లోను కలుస్తుంది. శివారు గ్రామాల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువలతోనే. మనం పారవేసినది మరొకరి కడవలోకి చేరుతున్నదని గ్రహించండి. నీటి వనరుల వద్ద మలమూత్ర విసర్జనను సైతం దైవప్రవక్త (స) వారించారు. మరి ఊరి మురుగంతా వదలడం ఎటువంటిది?

కనుక సోదరులారా! కాలువలో చెత్త వేయకండి. వుజూ చేసేటప్పుడు కొళాయిని ధారగా వదలకండి. వరద హెచ్చరిక రాగానే మస్జిదు తలుపులు, మీ ఇంటి తలుపులు లంకవాసులకు తెరవండి; వారి మతమేదని అడగకండి. గట్టు ఎత్తు పెంచమని అధికారులను కోరే వేళ, గట్టు ఆవలివారికి పునరావాసం, నష్టపరిహారం కూడా కోరండి. మన క్షేమం కోసం వారు భరిస్తున్న నష్టంలో పాలుపంచుకోవడం దానం కాదు, వారి హక్కు చెల్లించడం. తీర్పుదినాన పొరుగువాని హక్కు గురించి మనలను ప్రశ్నించడం జరుగుతుంది.

ఓ అల్లాహ్! మా నదిని మాకు కారుణ్యంగా ఉంచు. దిగువనున్నవారి పట్ల న్యాయంగా మెలిగే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.